నాకు దిగడం రాదు

జనగామ,
12 జనవరి 1947

చెల్లె రూతుకు,

నీ అన్న దేవదాసు రాస్తున్నాను. అవ్వ, నేను, అవ్వ కోళ్లు అందరం బాగున్నాం. ఎర్రపుంజు మాత్రం పోలీసుల పాలైంది. ఎవరు పట్టుకుపోయారో తెలిసినా అడిగే రోజులు కావివి.

క్రిస్మస్‌కు నువ్వు వచ్చి వెళ్లినప్పటి నుంచి గట్టమ్మ సంగతి నా మనసులోంచి పోవడం లేదు. నొప్పులని కబురు రాగానే బయలుదేరినా, నువ్వు అడవి దారిన నడిచి చేరేసరికి బిడ్డ దక్కలేదన్నావు. "జర ముందుగాల పోతే దక్కేదన్నా" అని పొయ్యి దగ్గర కూర్చొని ఏడ్చావు. నేను సైకిళ్లు బాగుచేసుకునేవాణ్ని. ఏడ్చే చెల్లెలికి నా దగ్గర ఇంకేం మందు ఉంటుంది? పాత సైకిళ్లు కొన్ని విప్పి నీకోసం ఒకటి కట్టాను. చీరకు అడ్డం రాకుండా మధ్యలో కడ్డీ తీసేసి కిందికి అతికించాను. వెనక నీ మందుల పెట్టె పట్టేంత క్యారియర్ పెట్టాను. స్టేషన్ హమాలీ లచ్చయ్య దాన్ని గోనెసంచుల్లో పసిపిల్లను చుట్టినట్టు చుట్టి గూడ్సు బండిలో వేశాడు. మానుకోట స్టేషన్లో తీసుకో.

నేర్చుకోవడం ఎట్లాగో చిట్టీల్లో రాస్తాను. భయపడకు. చిన్నప్పుడు చింతచెట్టెక్కి నన్ను కింద నిలబెట్టినదానివి నువ్వే కదా.

నీ అన్న,
దేవదాసు

---

మోదుగులపల్లి, మానుకోట తాలూకా,
26 జనవరి 1947

ప్రియమైన అన్నకు, అవ్వకు,

ప్రభువు దయవల్ల కుశలం. సైకిల్ ఎడ్లబండిలో వచ్చింది. బండి వెనకాల సగం ఊరు వచ్చింది. దవాఖాన ఊడ్చి, నాకు తోడుగా కాన్పులకు వచ్చే కొమురమ్మ దాన్ని దూరం నుంచే చూసి, "అమ్మా, గిది గుర్రం లెక్క తంతదా?" అని అడిగింది.

అన్నా, నీ ప్రేమకు నా కళ్లు నిండాయి. కానీ నేను దాన్ని ఎక్కను. ముప్పై దాటిన మనిషిని, మిషన్ దవాఖాన నర్సును. నేను పడితే నాకు కట్టు కట్టేవాళ్లు కూడా ఇక్కడ లేరు. ఇంకో సంగతి ఉంది. ఇక్కడి చాలా పల్లెలకు పోవాలంటే దొర ఉండే గడి గోడ వెంట పోవాల్సిందే. గడి ముందు ఎవరైనా సరే దిగాలి, చెప్పులు చేత పట్టుకోవాలి, గోడ దాటేదాకా నడవాలి. దొరలకు ఎదురు నిలిచిన సంగం గట్టిగా ఉన్నప్పుడు దొర పట్నం పారిపోయాడు, ఆ కొన్నాళ్లూ జనం చెప్పులతోనే నడిచారు. ఈ చలికాలం పోలీసులను వెంటేసుకొని తిరిగొచ్చాడు. ఆయనతోపాటు ఆ రివాజూ వచ్చింది.

బడి పంతులు బాలనర్సయ్య గారికి సైకిల్ ఉంది. ఆయన దాన్ని ఇంటి దగ్గర నుంచే నడిపించుకుంటూ పోయి, ఊరు దాటాక ఎక్కుతారు. ఎందుకు సారూ అని అడిగితే, "ఎక్కుడెందుకు, మల్ల దిగుడెందుకు అమ్మా. నడిస్తే ఒళ్లు మంచిగుంటది" అన్నారు. అట్లాంటి మగవాళ్లే ఎక్కనప్పుడు నేనెంత?

సైకిల్ మీద గోనెసంచి కప్పి ఉంచాను. ఈసారి వచ్చే బండిలో వెనక్కి పంపిస్తాను. కోపం తెచ్చుకోకు. అవ్వకు నా ముద్దులు.

నీ చెల్లెలు,
రూతు

---

జనగామ,
4 ఫిబ్రవరి 1947

గోనెసంచి కప్పుకున్న నర్సమ్మ గారికి,

నీ చిట్టీ అవ్వకు చదివి వినిపించాను. "దానికి భయమెక్కువ, నీకు తెలివి తక్కువ" అని ఇద్దరికీ పంచి పెట్టింది. కన్నతల్లి కదా, ఎప్పుడూ ఎవరికీ తక్కువ చేయదు.

సైకిల్ వెనక్కి పంపితే మళ్లీ పంపుతాను. గూడ్సు బండి వాళ్లకు దాని ముఖం గుర్తుండిపోతుంది. రూతూ, ఎవరైనా ఒకటే సంగతికి భయపడతారు. అందరూ చూస్తారని. చూడనీ. మొదటి వారం చూస్తారు, రెండో వారం నవ్వుతారు, ఆ తర్వాత వాళ్ల ఇంట్లో నొప్పులు మొదలైతే "సైకిల్ మీద జల్ది రా అమ్మా" అని వాళ్లే కబురు పెడతారు. గడి సంగతి అప్పుడు చూద్దాం. ముందు ఎక్కు.

ఎక్కడం చెప్తాను విను. వరి కోసిన మడి చూసుకో, పడినా మెత్తగా ఉంటుంది. నాట్లప్పుడు ఆడవాళ్లు కట్టినట్టు గోచి పోసి చీర కట్టుకో. గట్టు పక్కన సైకిల్ నిలబెట్టి, గట్టు మీద నుంచి సీటు మీద కూర్చో. కొమురమ్మను వెనక పట్టుకోమను. చక్రం వైపు చూడకు, దూరంగా ఉన్న చెట్టును చూడు. ఎటు చూస్తే అటే పోతుంది సైకిల్. తొక్కడం ఆపితే పడతావు, తొక్కుతూ ఉంటే పడవు. ఇంతే విద్య. మిగతాది దానంతటదే వస్తుంది.

మొన్న నన్ను ఠాణాకు పిలిచారు. ఎవరెవరికి సైకిళ్లు కిరాయికి ఇస్తున్నావని అడిగారు. సంగపోళ్లు సైకిళ్ల మీద తిరుగుతున్నారట. "చక్రాలు చూస్తాను గానీ మొఖాలు చూడ సారూ" అన్నాను. రెండు దెబ్బలు వేసి పంపారు. అవ్వకు చెప్పలేదు, నువ్వూ రాయకు.

నీ గురువు,
దేవదాసు

---

మోదుగులపల్లి,
2 మార్చి 1947

గురువు గారికి,

దెబ్బల సంగతి చదివి అన్నం తినలేకపోయాను. వేన్నీళ్ల కాపడం పెట్టుకో. అవ్వకు చెప్పను గానీ, ఆమెకు ఇప్పటికే తెలిసి ఉంటుంది.

సైకిల్ వెనక్కి పంపలేదు. నీ చిట్టీ వచ్చిన రెండు రోజులకు కొమురమ్మే గోనెసంచి తీసేసింది. "మీ అన్న దెబ్బలు తిన్నడు, నువ్వు పడితే ఏమైతది?" అంది. ఆ రోజే గోచి పోసి చీర కట్టుకున్నాను. రైతు పోశయ్య వరి కోసిన మడిలో నేర్చుకున్నాను. చాలాసార్లు పడ్డాను, ఒకసారి కొమురమ్మ మీదే పడ్డాను. ఒకరోజు వెనక్కి తిరిగి చూస్తే ఆమె ఎక్కడో గట్టు దగ్గర నిలబడి చప్పట్లు కొడుతోంది. అంత దూరం నేనొక్కదాన్నే వచ్చానని అప్పుడు తెలిసింది. అన్నా, గాలి ముఖానికి కొడుతుంటే నాకు గట్టమ్మ గుర్తుకొచ్చి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తొక్కాను.

ఇప్పుడు గడి అవతలికి పోవాల్సిన పని లేని పల్లెలకు సైకిల్ మీదే పోతున్నాను. ఆగడానికి మాత్రం పోశయ్య గడ్డివాము చాలా మంచిది.

అవ్వకు చెప్పు, ఆమె కూతురికి సైకిల్ వచ్చిందని.

రూతు

---

జనగామ,
20 మార్చి 1947

రూతూ,

ఈ చిట్టీ చేతికందగానే జవాబు రాయి. నిన్న స్టేషన్లో టీ తాగుతుంటే డోర్నకల్ దిక్కు నుంచి వచ్చినవాళ్లు ఒక కబురు చెప్పుకుంటున్నారు. మానుకోట అవతల ఏదో ఊళ్లో ఒక నర్సమ్మ, సైకిల్ మీద, గడి ముందు నుంచి, దిగకుండా పోయిందట. పోలీసులు చూస్తుండగానే. గడి మనుషులు దిగు దిగు అని అరుస్తున్నా తలకాయ కూడా తిప్పలేదట. దూరంగా చెట్టును చూస్తూ పోయిందట.

చెట్టును చూస్తూ అన్నప్పుడే టీ వదిలేసి లేచాను. ఆ పాఠం ఎవరు చెప్పారో నాకు తెలుసు కదా.

నువ్వేనా?

దేవదాసు

---

మోదుగులపల్లి,
27 మార్చి 1947

అన్నా,

నేనే. ఎవరు మోశారో గానీ కబురు నాకంటే జోరుగా తొక్కుతోంది. ఇందులో చెప్పుకోవడానికి ఏమీ లేదు. నాకు దిగడం రాదు, అంతే. బయట మనిషి నిలబడ్డాడు, కాన్పుకు పోవాలి. తర్వాత వివరంగా రాస్తాను.

రూ.

---

జనగామ,
5 ఏప్రిల్ 1947

నా చెల్లె, నా బంగారు చెల్లె,

నీ చిట్టీ ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఇంత పెద్ద పని చేసి ఇంత చిన్న చిట్టీ రాస్తావా? "నాకు దిగడం రాదు, అంతే." ఆ 'అంతే' దగ్గర ఆగి మళ్లీ మొదటి నుంచి చదివాను. తాత కాలం నుంచి మన ఇంట్లో అందరికీ దిగడమే వచ్చు. దొర ఎదురైతే బండి దిగడం, అరుగు దిగడం, దారి దిగడం. దిగడం రాని మనిషి మన ఇంట్లో నువ్వే మొదలు.

దుకాణంలో చదివి వినిపించాను. లచ్చయ్య తలపాగా విప్పి కళ్లు తుడుచుకున్నాడు. "గీ మాట గోడ మీద రాయి దేవదాసూ" అన్నాడు. రాశాను. దుకాణం చెక్క మీద సున్నంతో, పెద్ద పెద్ద అక్షరాలతో 'నాకు దిగడం రాదు'. దారిన పోయేవాళ్లు ఆగి చదువుతున్నారు. చదువు రానివాళ్లు చదివించుకుంటున్నారు. పోలీసాయన వచ్చి ఇదేందిరా అని అడిగితే, సైకిల్ నేర్చుకునే వాళ్ల మాట సారూ అన్నాను. ఆయన కూడా నవ్వి పోయాడు. సైకిల్ ముట్టుకోవాలంటేనే భయపడే రైల్వే గ్యాంగు కూలీలు ఇద్దరు నిన్న వచ్చి, "నర్సమ్మకు రాంగ మాకు రాదా" అని నేర్చుకోవడం మొదలుపెట్టారు.

అవ్వ కోళ్లను వదిలేసి లేచింది. వీధిలోకి పోయి, చెక్క ముందు నిలబడి, అక్షరాలు రాకపోయినా చాలాసేపు చూసి వచ్చింది. నిన్నూ కోళ్లనూ కలిపి తిట్టకుండా ఆమె నిద్రపోయిన మొదటి రోజు ఇదే.

మన చర్చిలో నీకోసం ప్రార్థన చేశారు.

గర్వంతో,
నీ అన్న

---

మోదుగులపల్లి,
14 ఏప్రిల్ 1947

అన్నా,

ఆ చెక్క తుడిచేయి. ముందు ఆ పని చేసి, తర్వాత ఇది చదువు.

నాకు దిగడం రాదంటే, నిజంగానే దిగడం రాదు. ఎక్కడం రాశావు, తొక్కడం రాశావు, చెట్టును చూడమని రాశావు. దిగడం రాశావా? మిగతాది దానంతటదే వస్తుందన్నావు. రాలేదు. సీటు మీద కూర్చుంటే నా కాలు నేలకందదు. ఒకసారి బ్రేకు గట్టిగా పడితే ఎగిరి ముందుకు పడ్డాను, అప్పటి నుంచి దాన్ని ముట్టుకోను. పోశయ్య గడ్డివాములోకి దూసుకుపోతే అదే ఆగుతుంది. లేకపోతే ఏదైనా గట్టు చూసుకొని దానికి ఆనించి దిగుతాను. ఇది నీకు రాస్తే నవ్వుతావని రాయలేదు. చూడు, ఇప్పుడు ఎంత దూరం వచ్చిందో.

ఆ రోజు ఏం జరిగిందో చెప్తాను. చిలుకమ్మ కోడలికి నొప్పులని కబురొచ్చింది. బిడ్డ అడ్డం తిరిగిందన్నారు. వాళ్ల ఇల్లు గడి అవతల. గట్టమ్మ సంగతి మళ్లీ జరగకూడదని, గడి దాకా సైకిల్ మీద పోయి, గోడ మొదట్లో ఉన్న గట్టుకు ఆనించి దిగి, అక్కడి నుంచి నడుద్దామనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, దిగుదామనే అనుకున్నాను. తీరా చూస్తే ఆ గట్టు మీద గడి ఎడ్లను కట్టేశారు. అక్కడి నుంచి దారి పల్లం. సైకిల్ నా మాట వినలేదు. వాళ్లు దిగు దిగు అని అరుస్తుంటే, నేను లోపల 'ఎట్ల దిగాలె, ఎట్ల దిగాలె' అని ఏడుస్తున్నాను. చెట్టును చూస్తూ పోయింది ధైర్యంతో కాదు, పడతానన్న భయంతో. చిలుకమ్మ పెంటకుప్పలో పడి ఆగాను. అట్లాగే లేచి చేతులు కడుక్కొని కాన్పు చేశాను. తల్లీ బిడ్డా దక్కారు. ఆడపిల్ల. అప్పుడే దాన్ని సైకిలమ్మ అంటున్నారు.

మొన్న గడి గుమాస్తా వెంకట్రాం దవాఖానకు వచ్చాడు. ఆయనకు అసలు సంగతి తెలిసింది, పోశయ్య గడ్డివాములో నేను ఆగడం గడి మనుషులెవరో చూశారట. కూర్చొని మెత్తగా మాట్లాడాడు. "నర్సమ్మా, నీకు దిగరాదని మాకెరుకే. గదే మాట ఆదివారం గడి ముందట పదిమంది ఇనంగ చెప్పు. దొరవారు నవ్వి ఇడిచిపెడ్తరు. సైకిల్ నీకే ఉంటది. గడి కాడ మాత్రం ఇగ నుంచి నడువు." లేకపోతే సైకిల్ గడిలోకి పోతుంది, నా ఉద్యోగం మాట మిషన్ పెద్దలతో మాట్లాడతామన్నాడు.

అది అబద్ధం కాదు కదా అన్నా, చెప్పేస్తే తప్పేముంది అనుకున్నాను. కానీ ఆయన పోయినా కొమురమ్మ అక్కడి నుంచి కదలలేదు. చీపురు పట్టుకొని ఒకే చోట ఊడుస్తూ ఉంది. చివరికి అంది, "అమ్మా, నీకు దిగరాదని నాకు మొదటి దినం నుంచే ఎరుక. గని ఊరోళ్లు గట్ల అనుకుంటలేరు. మా అత్త ఎన్నడు గడి దిక్కు మొఖం లేపనిది, మొన్న నీ పేరు చెప్పి లేపింది. నువ్వు గా మాట చెప్తే మల్ల దించుకుంటది."

చెబితే ఊరి తల దిగుతుంది. చెప్పకపోతే అబద్ధపు ధైర్యం మోయాలి, సైకిల్ పోతుంది, మళ్లీ నడక, మళ్లీ ఇంకో గట్టమ్మ. వచ్చే ఆదివారం ఈస్టర్ తర్వాతి ప్రార్థనలకు మానుకోట పోతానని వాయిదా వేశాను. ఆ పై ఆదివారం తప్పదు. నువ్వు ఇంకేమీ రాయకు. దిగడం ఎట్లాగో రాయి.

రూతు

---

జనగామ,
17 ఏప్రిల్ 1947

రూతూ,

చెక్క తుడిచేశాను. లచ్చయ్యకు చెబితే ముందు నోరు తెరిచాడు, తర్వాత కడుపు పట్టుకొని నవ్వాడు, తర్వాత "అయినా పోయింది కద" అన్నాడు. అవ్వ నా వీపు మీద ఒకటి వేసింది. "ఎక్కుడు నేర్పి దిగుడు నేర్పనోడివి నువ్వేం మేస్త్రివిరా" అంది. ఠాణా దెబ్బ కంటే గట్టిగా తగిలింది.

ఈ చిట్టీతో రైలు గార్డు చేతికి చిన్న పానా ఇచ్చి పంపుతున్నాను. సీటు కింద బిగింపు దానితో వదులు చేసి, సీటును నీ నడుము కంటే కిందికి దించుకో. ఇప్పుడు విను. ఆగాలనుకున్న చోటికి చాలా ముందే తొక్కడం ఆపు. వెనక బ్రేకు మెల్లగా, పాలు పిండినట్టు, పట్టి వదులు, పట్టి వదులు. ఎడమ పైడలు కిందికి వచ్చాక దాని మీద నిలబడు. కుడికాలు మధ్య ఖాళీలోంచి ఇవతలికి తీసుకో. చక్రం ఆగేముందు కుడికాలు నేల మీద పెట్టు, ఎడమకాలు దానంతటదే వస్తుంది. ఈసారి నిజంగానే వస్తుంది.

ఆదివారం ఏం చెప్పాలో నేను చెప్పను. నువ్వు ఏం చెప్పినా నేను నీ అన్ననే. నీకు దిగడం రాదన్న మాటకు గర్వపడ్డాను, నిజమే. కానీ రూతూ, పెంటకుప్పలోంచి లేచి చేతులు కడుక్కొని బిడ్డను బతికించావే, అది చదివినప్పుడు ఇంకా గర్వపడ్డాను. దానికి చెక్క సరిపోదని రాయలేదు.

దేవదాసు

---

భూపాలపల్లి,
25 మే 1947

అన్నా, అవ్వా,

పై ఊరి పేరు చూసి కంగారు పడకండి. నన్ను ఇక్కడికి మార్చారు. ఇల్లు కప్పు కారుతుంది, అడవి ఇంటి వెనకనే ఉంది, నేను బాగున్నాను. సైకిల్ కూడా నాతోనే ఉంది.

పానా అందింది. వారమంతా పోశయ్య మడిలో దిగడమే నేర్చుకున్నాను. ఎక్కడం, దిగడం, ఎక్కడం, దిగడం. పోశయ్య తన గడ్డివాము బతికిపోయిందని సంతోషపడ్డాడు.

ఆదివారం గడి ముందు ఊరంతా ఉంది. వెంకట్రాం అరుగు మీద, ఇద్దరు పోలీసులు గేటు దగ్గర. దొర పైన కిటికీలో ఉన్నాడో లేడో నాకు తెలియదు, నేను చూడలేదు. సైకిల్ మీద వచ్చాను. గడి గోడ మొదలయ్యే చోట, అందరూ చూస్తుండగా, పాలు పిండినట్టు బ్రేకు పట్టి, ఎడమ పైడలు మీద నిలబడి, కుడికాలు ఇవతలికి తీసి, చక్కగా దిగాను. నువ్వు చూసి ఉంటే నీకు వంక దొరికేది కాదు.

వెంకట్రాం నవ్వాడు. "మంచిది నర్సమ్మా, ఇగ చెప్పు" అన్నాడు. ఊళ్లో ఒక్కొక్కరి తల దిగడం నాకు కనిపిస్తూనే ఉంది. కొమురమ్మ వాళ్ల అత్త నేల చూపులు చూస్తోంది.

"ఆ దినం నాకు దిగుడు రాకుండె" అన్నాను. "గది నిజం. చిలుకమ్మ పెంటకుప్పల పడ్డ. ఇప్పుడు వచ్చు. మీరందరు చూసిన్రు కద?"

చూసినమన్నారు ఎవరో.

మళ్లీ ఎక్కాను. గడి గోడ మొదటి నుంచి చివరిదాకా, మెల్లగా, తొందర లేకుండా తొక్కుకుంటూ పోయాను. ఈసారి చెట్టును చూడలేదన్నా. గడి గేటునే చూస్తూ పోయాను, అయినా సైకిల్ అటు పోలేదు. ఎవరూ దిగమని అరవలేదు. దిగి చూపించాను కదా, ఇక ఏమని అరుస్తారు? వెనక గంట మోగింది. తిరిగి చూస్తే బాలనర్సయ్య పంతులు గారు. ఎన్నేళ్లుగానో నడిపించుకుంటూ తిరిగిన సైకిల్ మీద, పంచె ఎగ్గట్టి, ముఖమంతా చెమటతో, నా వెనకే వస్తున్నారు. ఆయన వెనక కొమురమ్మ వాళ్ల అత్త, చెప్పులు కాళ్లకే ఉంచుకొని నడిచి వస్తోంది.

సైకిల్ గుంజుకోవడానికి చెయ్యి వేసినవాళ్లు లేరు. ఊరంతా దారి మీదే ఉంది కదా. పది రోజులకు మిషన్ పెద్దల దగ్గర నుంచి బదిలీ కాగితం వచ్చింది. నేను వచ్చేశాక కొమురమ్మ పంతులు గారి సైకిల్ మీద నేర్చుకుంటోందట, పొరుగూరి నర్సుకు కబురు, అక్కడి నుంచి మందులు మోయడానికి. మందుల పెట్టె ఆమెకు ఒకటి కట్టి పంపు.

ఇక్కడ ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. సైకిల్ చుట్టూ తిరిగి చూసి, మాకు భయమైతదమ్మా అన్నారు. రేపటి నుంచి నేర్పిస్తాను. నేను మాత్రం ముందు దిగడం నేర్పుతాను, ఎక్కడం తర్వాత. దిగడం వచ్చినవాళ్లు దిగకుండా పోతేనే లెక్క.

చెక్క తుడిచేశానన్నావు కదా. సున్నం తడిపి మళ్లీ రాయి. ఒక్క మాట మార్చు.

'నాకు దిగడం వచ్చు.'

రూతు